నొక్కింది నేనే

ఎనిమిది నెలల బిడ్డను చంకనెత్తుకుని స్విచ్ బోర్డు దగ్గర నిలబడి చూడండి. మనం నేర్పక్కర్లేదు, చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది. టక్కుమనగానే ట్యూబులైటు వెలుగుతుంది. బిడ్డ ఓసారి లైటు వంక, ఓసారి మన మొహం వంక చూస్తుంది. మళ్ళీ టక్. ఆరిపోయింది. మళ్ళీ టక్. ఇక ఆ ఆటకు అంతుండదు. "చాల్లేమ్మా, లైటు మాడిపోతుంది" అంటూ తాతయ్య ఇవతలికి తెచ్చేసినా, మెడ వెనక్కి తిప్పి బోర్డు వంకే చూస్తుంటుంది.

ఆ నిమిషంలో బిడ్డ నేర్చుకున్నది కరెంటు గురించి కాదు. చుట్టూ జరిగేవాటిలో కొన్ని తన వల్ల జరుగుతాయన్న సంగతి. చెంచా పడేస్తే చప్పుడవుతుంది, అమ్మ వచ్చి తీస్తుంది. గిలక్కాయ ఊపితే మోగుతుంది. ఏడిస్తే పాలొస్తాయి. ఏడాది నిండేలోపు ఇలాంటి ప్రయోగాలు లెక్కలేనన్ని చేసేస్తుంది. "నేను" అన్న మాట పలకడం చాలా తర్వాత వస్తుంది. దాని అర్థం మాత్రం చేతులకు ముందే తెలిసిపోతుంది.

ఇప్పుడు సెరిబ్రల్ పాల్సీ తీవ్రంగా ఉన్న బిడ్డను తలుచుకోండి. కడుపులో ఉండగానో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొద్దికాలానికో ఎదుగుతున్న మెదడు దెబ్బతినడం వల్ల కండరాల మీద అదుపు కుదరని స్థితి ఇది. ప్రపంచం మొత్తమ్మీద పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఉంటుందని అంచనా. చెయ్యి చాపాలనుకుంటే గుప్పిట బిగుసుకుంటుంది. చూపు ఒక పక్కకు వెళ్తే తల ఇంకో పక్కకు లాగుతుంది. గిలక్కాయ చేతిలో పెడితే నిలవదు. ఇంట్లో ప్రేమకు లోటుండదు. అన్నం కలిపి పెడతారు, పక్క మారుస్తారు, టీవీ పెడతారు. కానీ ఆ టీవీ బిడ్డ చూసినా నడుస్తుంది, చూడకపోయినా నడుస్తుంది. పొద్దుట్నించి రాత్రి దాకా ఎన్నో జరుగుతుంటాయి, తన వల్ల జరిగేది మాత్రం ఒక్కటీ ఉండదు.

ఆ బిడ్డ చేతికి స్విచ్ బోర్డు అందేలా చేయడం ఎలా? దానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక కంప్యూటర్, ఒక పాత మౌస్, కాస్త టంకం, ఇంట్లోవాళ్ళ గొంతులు. వీటితోపాటు, చేతులు కట్టుకుని కాసేపు ఆగగల ఓపిక. ఈ చివరిదే దొరకడం కష్టం.

తలగడలో మీట

అమెరికాలో జాన్ వాట్సన్, క్రెయిగ్ రేమీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ఒక ప్రయోగం 1972లో అచ్చయింది. ఎనిమిది వారాల పసికందుల ఉయ్యాల పైన బొమ్మలు వేలాడదీశారు. తల కింద ఒత్తిడిని పసిగట్టే తలగడ పెట్టారు. తల కాస్త కదిలి తలగడ నొక్కుకుంటే బొమ్మలు ఒక్క సెకను తిరుగుతాయి. రోజుకు పది నిమిషాలు, రెండు వారాలపాటు. ఇంకో జట్టు పిల్లలకూ బొమ్మలు తిరిగేవి, కాకపోతే వాళ్ళ తలతో సంబంధం లేకుండా, వాటంతటవే. మొదటి జట్టు పిల్లలు రోజులు గడిచేకొద్దీ ఎక్కువసార్లు నొక్కారు. రెండో జట్టులో ఆ పెరుగుదల లేదు.

అంతకన్నా విలువైన సంగతి తల్లులు గమనించారు. కొన్ని రోజులకే మొదటి జట్టు పిల్లలు బొమ్మల్ని చూసి నవ్వడం, ఊకొట్టడం మొదలుపెట్టారు. పసిపిల్లలు మన మొహం చూసి నవ్వే నవ్వే అది. వాట్సన్ దీని నుంచి ఒక ఊహ చేశాడు: బిడ్డ మనల్ని చూసి నవ్వడానికి మన ముక్కూ మొహం మాత్రమే కారణం కాదు, తను ఏదైనా చేస్తే దానికి బదులిచ్చేది మనమే కాబట్టి నవ్వుతుంది. బొమ్మలవే, తిరగడమూ అదే. ఒక జట్టుకు అది కేవలం దృశ్యం, ఇంకో జట్టుకు అది జవాబు.

ఆ రోజుల్లోనే ఇతరులు చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి తేలింది. జవాబు వెంటనే రావాలి. చేతకూ ఫలితానికీ మధ్య మూడు సెకన్లు గడిస్తే పసిపిల్లలు రెంటికీ ముడి వేసుకోలేకపోయారు. ఇలాంటి పిల్లలు ఒక్క మీటతో ఆడుకునేలా మనం కంప్యూటర్‌లో తయారుచేసే ఆటలకు ఇదే మొదటి నియమం. బిడ్డ మీట నొక్కాక కంప్యూటర్ వీడియో తెరవడానికి నాలుగు సెకన్లు తీసుకుంటే, ఆ వీడియో ఎంత అందంగా ఉన్నా అది బిడ్డకు తన జవాబులా అనిపించదు.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. 1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగాల గురించి చాలామంది వినే ఉంటారు. ఏం చేసినా ఆగని షాకులు తిన్న కుక్కల్లో చాలా మటుకు, తర్వాత చిన్న అడ్డుగోడ దూకితే తప్పించుకునే వీలున్నచోట కూడా దూకకుండా పడుకుండిపోయాయి. దానికి 'నేర్చుకున్న నిస్సహాయత' అని పేరొచ్చింది. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 2016లో, మెదడు మీద జరిగిన పరిశోధనలన్నీ ముందేసుకుని వాళ్ళిద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. నిస్సహాయత ఒకరు నేర్చుకునేది కాదట. ఎంతకీ తగ్గని బాధ ఎదురైనప్పుడు చేతులెత్తేయడం మెదడుకు పుట్టుకతో వచ్చిన స్పందన. నేర్చుకోవాల్సింది "ఇది నా చేతిలో ఉంది" అన్న సంగతి. అది కనిపెట్టాక మెదడు ముందుభాగం ఆ చతికిలబాటును అణచిపెడుతుంది.

ఇవి జంతువుల మీద, షాకులతో చేసిన ప్రయోగాలు. వాటిని మన పిల్లలకు ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు. కానీ ఇలాంటి పిల్లలతో పనిచేసేవాళ్ళం రోజూ చూసేదానికి ఇది చాలా దగ్గరగా ఉంటుంది. "దీనికేమీ తెలీదండీ" అని ఇంట్లోవాళ్ళు చెప్పే పిల్లల్లో చాలామందికి తెలియకపోవడం కాదు, తెలుసునని చేసి చూపించే దారి ఏనాడూ దొరకలేదు.

ఈల నుంచి మొదలు

ఇంగ్లండులో స్టోక్ మాండివిల్ అనే ఆసుపత్రి ఉంది. వెన్నుపాము దెబ్బతిని కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళ వైద్యానికి పేరుపొందిన చోటు. 1960 ప్రాంతంలో రెగ్ మాలింగ్ అనే ఆయన అక్కడి రోగుల్ని పలకరించడానికి వెళ్ళేవాడు. కదలలేని రోగి నర్సును పిలవాలంటే నోటి దగ్గర వేలాడే ఈల ఒక్కటే ఆధారం. ఊపిరి ఊదే శక్తి ఉన్నప్పుడు ఆ ఊపిరితో ఇంకెన్ని పనులు చేయించవచ్చు అని మాలింగ్ ఆలోచించాడు. గొట్టంలోకి ఊదడం, పీల్చడం అనే రెండు పనులతో గంట, దీపం, రేడియో, ఆ తర్వాత టైపు మిషను దాకా నడిపే పరికరం తయారైంది. దాని పొడుగాటి ఇంగ్లీషు పేరును కుదిస్తే 'పోసమ్' అయింది. లాటిన్‌లో ఆ మాటకు 'నేను చేయగలను' అని అర్థం.

మీట అంటే ఇంతే. రెండు తీగలు. అవి కలిస్తే "అవును", విడిపోతే ఏమీ లేదు. ఆ రెంటినీ కలిపేది చెయ్యి కావచ్చు, మోకాలు, బుగ్గ, ఊపిరి, కనుబొమ్మ ఏదైనా కావచ్చు. ఒళ్ళు క్రమంగా చచ్చుబడిన భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ మొదట్లో చేతిలోని మీటతో, చెయ్యి పూర్తిగా పడిపోయాక బుగ్గ కదలికను కనిపెట్టే సెన్సర్‌తో పుస్తకాలూ ఉపన్యాసాలూ తయారుచేశాడు. ఆయన కోసం ఇంటెల్ సంస్థ చేసిన సాఫ్ట్‌వేర్‌ను 2015లో అందరికీ ఉచితంగా విడుదల చేశారు.

ఈ రంగంలో అందరికీ మేలు చేసిన ఒప్పందం ఒకటుంది. ఏ కంపెనీ మీటకైనా చివర దాదాపుగా ఒకే రకం ప్లగ్గు ఉంటుంది: 3.5 మిల్లీమీటర్ల మోనో జాక్. పాత రేడియో ఇయర్‌ఫోనుకు ఉండేది అదే. వైకల్యం ఉన్న ఆటగాళ్ళ కోసం మైక్రోసాఫ్ట్ 2018లో తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ వెనకవైపు ఇలాంటి ప్లగ్గు పట్టే కంతలు 19 ఉన్నాయి. మనం ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో కొన్న జాక్ వేసి ఇంట్లో చేసిన మీట కూడా వాటిలో పడుతుంది.

ఇంట్లో చేయడం ఇలాగ. పరీక్ష అట్టలోంచి అరచేయంత ముక్కలు రెండు కత్తిరించండి. ఒక్కోదానికి ఒకవైపు అల్యూమినియం ఫాయిల్ అంటించండి, బిర్యానీ పార్సిల్‌కు చుట్టి ఇచ్చేది చాలు. ఒక్కో ఫాయిల్‌కు ఒక తీగ, ఆ రెండు తీగల చివర జాక్. రెండు ఫాయిల్‌లూ ఎదురెదురుగా ఉండేట్టు పెట్టి, మధ్యలో పలచటి స్పాంజి ముక్క ఉంచండి; ఆ స్పాంజికి నడుమ రూపాయి బిళ్ళంత కంత ఉండాలి. పైన నొక్కితే కంతలోంచి ఫాయిల్‌లు తాకుతాయి, వదిలితే స్పాంజి వాటిని విడదీస్తుంది. అంచులన్నీ టేపుతో మూసేసి, పైన ప్లాస్టిక్ కవరు తొడగండి. పిల్లలకు చొంగ కారుతుంది, దొరికింది నోట్లో పెట్టుకుంటారు.

ఇక కంప్యూటర్‌కు కలపడం. దీనికి మూలపడ్డ యూఎస్‌బీ మౌస్ ఒకటి కావాలి. అడుగున స్టిక్కరు కింద దాగిన స్క్రూ తీస్తే పైడిప్ప ఊడివస్తుంది. ఎడమ బటన్ కింద చిన్న నల్లటి పెట్టె ఉంటుంది, క్లిక్కుమనేది అదే. బోర్డు తిప్పి చూస్తే దాని కాళ్ళు కనిపిస్తాయి. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, నొక్కినప్పుడు మాత్రమే కలిసే రెండు కాళ్ళు ఏవో పట్టుకోండి. వాటికి రెండు తీగలు టంకం పెట్టి, ఆ తీగల చివర జాక్ పట్టే సాకెట్ పెట్టండి. ఇకమీదట బిడ్డ మీట నొక్కితే కంప్యూటర్‌కు ఎడమ క్లిక్ అందుతుంది. ఇందులో నడిచేది 5 వోల్టులు, ప్రమాదం లేదు. ఇంటి గోడలోని 230 వోల్టులకు మాత్రం ఇలాంటి మీటను ఎవరు ఎంత ధైర్యం చెప్పినా కలపకండి.

కుక్కర్ ఈల

తెనాలి దగ్గర ఒక ఊళ్ళో సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఏడేళ్ళ పాప కోసం నేను మొదట తయారుచేసుకెళ్ళిన ఆట ఘోరంగా విఫలమైంది. తెర నిండా బెలూన్లు, నక్షత్రాలు, మెరుపులు, వెనక బాజా, చివర ఇంగ్లీషులో శభాష్ అనే ఎవరిదో గొంతు. రెండు రాత్రులు కూర్చుని చేశాను. పాప ఒక్క చూపు చూసి మొహం తిప్పేసుకుంది. మళ్ళీ తిప్పితే ఏడ్చింది. ఆ రోజు నేను కూడా "ఈ పిల్లకు కనిపించడం లేదేమో, అర్థం కావడం లేదేమో" అనుకుని ఇంటికి బయల్దేరాను.

చెప్పులు వేసుకుంటుండగా వంటింట్లో కుక్కర్ ఈల వేసింది. పాప ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. "దానికి కుక్కరంటే పిచ్చి మాస్టారూ. ఈల ఎప్పుడేస్తుందా అని చూస్తుంటుంది" అంది వాళ్ళమ్మ.

వారం తర్వాత తీసుకెళ్ళిన ఆటలో మూడే వస్తువులున్నాయి. వాళ్ళింటి కుక్కర్ ఫొటో, చుట్టూ ఉన్నదంతా చెరిపేసి నల్లటి నేపథ్యం మీద. వాళ్ళింటి కుక్కర్ ఈలే, ఫోన్లో రికార్డు చేసింది. "అన్నం ఉడికిందోచ్!" అనే వాళ్ళమ్మ గొంతు.

నలుపెందుకో చెప్పాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో చాలామందికి కళ్ళు బాగానే ఉన్నా, కంటి నుంచి వచ్చింది విడమరిచి చెప్పే మెదడు భాగం దెబ్బతిని ఉంటుంది. తెర మీద పది వస్తువులుంటే వాళ్ళకు ఒక్కటీ దొరకదు. నల్లటి నేపథ్యం మీద ముదురు రంగులో ఒక్కటే వస్తువు ఉండి, అదీ కాస్త కదిలితే చూపు పట్టుకుంటుంది. చూడటానికి సమయం కూడా పడుతుంది. నేను చేసుకెళ్ళిన బెలూన్ల జాతర ఆ పాపకు గోలే తప్ప బొమ్మ కాలేదు. మెరుపులతో ఇంకో అపాయం కూడా ఉంది. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపు, నీలం రంగులు సెకనుకు సుమారు పన్నెండు సార్లు మారే దృశ్యం వచ్చింది. అది చూసిన దాదాపు 700 మంది పిల్లలు మూర్ఛలతో, తలతిరుగుడుతో ఆసుపత్రుల పాలయ్యారు. మనం ఆటలు చేసేది మూర్ఛ ఎక్కువగా కనిపించే పిల్లల కోసం. సెకనుకు మూడుసార్లకు మించి ఏదీ మెరవకూడదని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. అసలు ఏదీ మెరవకపోతే ఇంకా మంచిది.

పాపను గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, పాదాల కింద పీట వేశాం. తెర సరిగ్గా ఎదురుగా ఉండాలి. పసిపిల్లలకు తల ఒకవైపు తిప్పితే ఆ వైపు చెయ్యి దానంతటదే బిర్రుగా చాచుకుపోయే లక్షణం ఉంటుంది. ఆరు నెలలొచ్చేసరికి అది పోతుంది, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిపోవచ్చు. తెర పక్కకు పెడితే, చూడబోయిన పాప చెయ్యి మీట మీంచి దూరంగా వెళ్ళిపోతుంది. చూపుకూ చేతికీ మనమే తగవు పెట్టినట్టవుతుంది. మీటను కుడి అరచేతి కింద, వెల్క్రోతో పలకకు అతికించి పెట్టాం.

నాయనమ్మ మొదలుపెట్టింది. "నొక్కవే తల్లీ. నొక్కు. నొక్కమంటుంటే! ఇదిగో ఇట్టా..." అంటూ పాప చెయ్యి పట్టుకుని నొక్కబోయింది. "అమ్మగారూ, ఒక్క నిమిషం, మనమెవరమూ మాట్లాడొద్దు" అన్నాను. పెద్దావిడ చిన్నబుచ్చుకుంది, కానీ ఆగింది.

నేను మనసులో అంకెలు లెక్కపెట్టుకున్నాను. పది దాకా ఏమీ లేదు. పదిహేను. పాప చూపు కుక్కర్ మీద ఆగింది. ఇరవై దాటాక మోచెయ్యి కదిలింది, కానీ చెయ్యి పైకి లేచిపోయింది. ఆ క్షణాన మనం చెయ్యి వేసి సాయం చేద్దామనిపిస్తుంది, అదే తప్పు. "నొక్కు" అన్న మాట కూడా ఆ క్షణాన మెదడుకు అదనపు బరువు. పాప సిద్ధం చేసుకుంటున్న కదలికను చెదరగొట్టి మళ్ళీ మొదటికి తెస్తుంది. ముప్పై దాటింది. చెయ్యి కిందకు దిగి మీట మీద పడింది. కుక్కర్ ఈల వేసింది. "అన్నం ఉడికిందోచ్!"

పాప నవ్వలేదు. ముందు కదలకుండా ఉండిపోయింది. ఆ తర్వాత వాళ్ళమ్మ వంక తిరిగి చూసింది. స్విచ్ బోర్డు దగ్గరి బిడ్డ చూస్తుందే, ఆ చూపే. అప్పుడు నవ్వింది.

"చెయ్యి తగిలి పడిందేమో మాస్టారూ, దానంతటది నొక్కిందంటారా?" అని అడిగింది వాళ్ళమ్మ. చాలా మంచి ప్రశ్న. దీనికి సైన్సు చూపే దారి కష్టమైనదేమీ కాదు. ఐదు నిమిషాలు మీట తగిలించి ఉంచాం, నొక్కినప్పుడల్లా గోడ క్యాలెండర్ మీద వాళ్ళన్నయ్య ఒక గీత పెట్టాడు. తర్వాతి ఐదు నిమిషాలు ప్లగ్గు పీకేసి, చెయ్యి మీట మీద పడినప్పుడల్లా గీత పెట్టాడు. మళ్ళీ తగిలించాం, మళ్ళీ పీకేశాం. తగిలి పడేదైతే నాలుగుసార్లూ గీతలు దాదాపు సమానంగా ఉండాలి. అలా లేవు. ఈల ఉన్నప్పుడు గీతలు బాగా ఎక్కువ. ప్లగ్గు పీకిన కొత్తలో పాప రెండు మూడుసార్లు గట్టిగా నొక్కి, తెర వంక చూసి, కోపంగా మూలిగింది. ఆ మూలుగు విన్నాక వాళ్ళమ్మకు గీతలతో పనిలేకపోయింది.

స్లైడుల లోపల

ఈ ఆట అంతా పవర్‌పాయింట్‌లోనే చేశాను. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌తోనూ చేయవచ్చు. మొదటి స్లైడులో కదలని కుక్కర్. క్లిక్ అందితే రెండో స్లైడు: అదే కుక్కర్, ఆవిరి, ఈల, అమ్మ గొంతు, అన్నీ వాటంతటవే మొదలయ్యేట్టు. ఆరు సెకన్లయ్యాక అదే మొదటి స్లైడుకు వెళ్ళిపోయి, మళ్ళీ పాప కోసం ఎదురుచూస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది. ఈల నడుస్తుండగా పాప చెయ్యి మళ్ళీ తగిలితే ఈల మధ్యలో తెగిపోతుంది. అందుకని పవర్‌పాయింట్‌లో రెండో స్లైడు మార్పు పద్ధతిలో 'మౌస్ క్లిక్‌తో' అన్న గుర్తు తీసేసి, సమయం మాత్రమే ఉంచాలి. అప్పుడు ఎన్నిసార్లు నొక్కినా జవాబు పూర్తయ్యేదాకా తెర కదలదు. కీబోర్డు స్పేస్ మీటను వాడితే ఈ వెసులుబాటు ఉండదు, స్పేస్ ఎప్పుడు నొక్కినా పవర్‌పాయింట్ ముందుకెళ్ళిపోతుంది. పైగా కీబోర్డు మీటను అదిమిపెట్టి ఉంచితే కంప్యూటర్ దాన్ని పదేపదే నొక్కినట్టు లెక్కగడుతుంది. బిగుసుకున్న చెయ్యి వదలడానికి నాలుగైదు సెకన్లు పట్టే పిల్లలకు స్లైడులన్నీ రైలు పెట్టెల్లా పరుగెత్తిపోతాయి. పాత మౌస్ నాకు నచ్చడానికి ఇదే కారణం. మౌస్‌కూ తనదైన ఇబ్బంది ఉంది: చాలా ప్రోగ్రాముల్లో క్లిక్ అంటే నొక్కి వదలడం. వదలడం ఆలస్యమైతే జవాబూ ఆలస్యమవుతుంది, మూడు సెకన్ల గడువు దాటిపోతుంది. అలాంటి బిడ్డకు, దిమ్మెలు పేర్చి ప్రోగ్రాములు రాసే స్క్రాచ్‌లో ఆట చేయడం మేలు. నొక్కిన క్షణానే ఈల మొదలై, చెయ్యి తీసేదాకా రెండో నొక్కును లెక్కలోకి తీసుకోకుండా ఉండేట్టు అందులో నాలుగు దిమ్మెలు పేర్చి చెప్పవచ్చు.

చెయ్యి వణికే పిల్లలకు ఒక్క నొక్కు నాలుగు నొక్కులవుతుంది. ఒకసారి నొక్కాక ఒకటి రెండు సెకన్లపాటు మరే నొక్కునూ పట్టించుకోవద్దని ప్రోగ్రాంకు చెప్పాలి. ఏ బిడ్డకు ఎంత గడువు అన్నది ఆ బిడ్డ పక్కన కూర్చుని చూస్తేగానీ తెలియదు. పుస్తకాల్లో ఉండేది కాదు.

పాప నెల రోజులు అదే ఆట ఆడింది. పెద్దవాళ్ళకు విసుగొచ్చింది, పాపకు రాలేదు. తర్వాత ఆటను కొంచెం పెంచాం: మూడు ఈలలేస్తేనే మూత వస్తుంది. ఒక నొక్కుకు ఒక ఈల, పక్కన ఒక చుక్క వెలుగుతుంది. మూడో ఈలకు మూత తెరుచుకుని వేడి అన్నం. వంటింటి లెక్క తెరమీదికొచ్చింది. మొదటి ఈలకూ మూడో ఈలకూ మధ్య ఆగడం, ఇంకా అయిపోలేదని గుర్తుంచుకోవడం పాపకు కొత్త. ఆ తర్వాతే అసలైన మెట్టు వచ్చింది: ఎంచుకోవడం.

పప్పా, పెరుగా

తెరమీద రెండు గిన్నెలు. పప్పు గిన్నె చుట్టూ పసుప్పచ్చ గడి. కొన్ని సెకన్లకు గడి పెరుగు గిన్నె మీదకు వెళ్తుంది, మళ్ళీ వెనక్కొస్తుంది. గడి తనకు కావలసినదాని మీద ఉన్నప్పుడు నొక్కాలి. దీన్నే స్కానింగ్ అంటారు. ఒక్క మీటతో ఎన్ని వస్తువుల్లోంచైనా ఒకటి ఎంచుకునే ఉపాయం ఇది.

గడి ఎంతసేపు ఆగాలి? హైడీ కోస్టర్, రిచర్డ్ సింప్సన్ అనే పరిశోధకులు ఒక తేలిక లెక్క చెప్పారు. గడి వచ్చాక మీట నొక్కడానికి ఆ మనిషికి పట్టే సమయాన్ని 0.65తో భాగించాలి. పాపకు 2.6 సెకన్లు పడితే గడి 4 సెకన్లు ఆగాలి. అంతకన్నా తగ్గిస్తే తప్పులు పెరుగుతాయి, మరీ పెంచితే ఎదురుచూపులోనే ధ్యాస జారిపోతుంది.

వస్తువులు పెరిగితే ఇంకో లెక్క వస్తుంది. క నుంచి మ దాకా ఉన్న 25 వర్గాక్షరాలను వరసగా పెట్టి ఒక్కోదాని మీదా గడి నడిపిస్తే, కావలసిన అక్షరం చేరడానికి సగటున 13 అడుగులు. వాటినే ఐదు వరసలుగా పేర్చి, ముందు వరసను, తర్వాత ఆ వరసలోని అక్షరాన్ని ఎంచుకోమంటే సగటున మూడూ మూడూ ఆరు అడుగులు. నొక్కులు రెండవుతాయి, సమయం సగానికన్నా తగ్గుతుంది. క, చ, ట, త, ప అనే ఐదు వర్గాలు, ఒక్కో వర్గంలో ఐదేసి అక్షరాలు. నోట్లో శబ్దం పుట్టే చోటును బట్టి మన పూర్వులు పేర్చిన ఆ పట్టిక ఇలాంటి స్కానింగ్‌కు చేసిపెట్టినట్టే ఉంది. నాకు చేతనైన ఒక్క సవరణ చేస్తాను. ఖ, ఘ, ఙ లాంటివి పిల్లల మాటల్లో అరుదు. క, గ లను వరస ముందుకు జరిపితే మరికొన్ని సెకన్లు మిగులుతాయి. గుణింతాలూ ఒత్తులూ దీన్ని చాలా కష్టం చేస్తాయి, ఆ సమస్యకు మన భాషలో ఇంకా ఎంతో పని జరగాలి.

అయితే అక్షరాల దాకా ఆగనక్కర్లేదు. "ఇంకా", "చాలు", "వద్దు", "అమ్మా, రా": ఈ నాలుగు మాటలు నాలుగు గడుల్లో పెట్టి, ఇంట్లో ఆ వయసు పిల్ల గొంతుతో రికార్డు చేసి ఇవ్వండి. చాలామంది "నీళ్ళు, అన్నం, బాత్రూం" అని మొదలుపెడతారు. అవి మనకు కావలసిన మాటలు, పిల్లల్ని సాకడం తేలికవడానికి. "వద్దు" అన్నది బిడ్డకు కావలసిన మాట.

ఆ రోజు పాప పెరుగు మీద నొక్కింది. "దానికి పప్పంటేనే ఇష్టం" అని వాళ్ళమ్మ గడి మళ్ళీ తిరగనిచ్చింది. మళ్ళీ పెరుగే. మూడోసారీ పెరుగే. ఏడేళ్ళుగా రోజూ ముందు పప్పన్నమే పెట్టిన తల్లి కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి పెరుగన్నం కలుపుకొచ్చింది. అలా కలుపుకురావడమే ఈ మొత్తం ఆటకు ప్రాణం. తెరమీద ఎంచుకున్నది కంచంలోకి రాకపోతే, "చాలు" అని నొక్కాక కూడా మనం ముద్ద నోట్లో పెడుతూనే ఉంటే, మీట పనిచేయనట్టే. అలాంటప్పుడు ఆ బిడ్డ నొక్కడం మానేస్తే తప్పు బిడ్డది కాదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, నలభై శాతానికి తగ్గని వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలందరికీ ఉచిత విద్య హక్కని చెబుతోంది. 2012 నాటి విద్యాహక్కు చట్ట సవరణ ప్రకారం తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువు చెప్పించుకోవచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులు బడికి రాలేని పిల్లల ఇళ్ళకు వెళ్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ ఉంది. ఆండ్రాయిడ్, ఐఫోన్‌లలో మీటతో నడిపే సౌకర్యం పదేళ్ళకు పైగా ఉచితంగానే ఉంది. అమెరికాలోని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం నడిపే టార్ హీల్ రీడర్ వెబ్‌సైట్‌లో మీటతో పేజీలు తిప్పే బొమ్మల పుస్తకాలు వేలకొద్దీ ఉన్నాయి, ఎవరైనా కొత్తవి రాసి చేర్చవచ్చు. కొరతగా ఉన్నది తెలుగులో, మన వంటిళ్ళ చప్పుళ్ళతో, మన నాయనమ్మల గొంతులతో చేసిన ఆటలు.

మీ అటక మీద పాత మౌస్ ఉంటే పారేయకండి. దాంతోపాటు మీకు టంకం పెట్టడం వస్తే ఒక సాయంత్రం, రాకపోతే ఫోన్లో రికార్డు చేసిన మీ వీధి చప్పుళ్ళు, మీ మండలంలోని భవిత కేంద్రానికి తీసుకెళ్ళండి. అక్కడి టీచరుగారిని "ఏ పిల్లకు ఏ చప్పుడంటే ఇష్టం?" అని అడగండి. మిగతా పని అక్కణ్ణించి మొదలుపెట్టవచ్చు.